గుర్రమెక్కితే దిగులు దిగుతుందా?

ఆదివారం అనుబంధాల్లోనూ రిసార్టుల ప్రకటనల్లోనూ కొంతకాలంగా ఒకటే పాట. గుర్రమెక్కండి, ప్రకృతికి దగ్గరవండి, కుంగుబాటు ఎగిరిపోతుంది, గుర్రం మీ మనసుకు అద్దం. సాక్ష్యంగా లిస్ హార్టెల్ కథ ఒకటి. పోలియోతో కాళ్లు పడిపోయిన ఆ డెన్మార్క్ యువతికి గుర్రమే నయం చేసిందట, ఒలింపిక్ పతకం తెచ్చిపెట్టిందట.

పతకం నిజం, నయం కావడం అబద్ధం. 1944లో, 23 ఏళ్ల వయసులో, కడుపుతో ఉండగా హార్టెల్‌కు పోలియో సోకింది. అప్పటికే ఆమె, రౌతు సైగలకు గుర్రం వేసే అడుగులను బట్టి గెలుపు తేల్చే డ్రెస్సాజ్ పోటీల్లో పేరున్న రౌతు. ఆ పోటీలోకి ఒలింపిక్స్ ఆడవాళ్లను తొలిసారి రానిచ్చింది 1952లో, హెల్సింకీలో. అక్కడ ఆమె వెండి పతకం గెలిచేనాటికి కూడా మోకాళ్ల కింద పట్టు తిరిగి రాలేదు. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ పక్కన మనుషులు ఉండాల్సిందే. 1956లో మళ్లీ వెండి. ఆమెను నిలబెట్టింది ఏళ్ల తరబడి సాధన. కాలితో ఇవ్వాల్సిన సైగను నడుము కదలికతో, బరువు మార్పుతో ఇస్తే అందుకునేలా జూబిలీ అనే ఆడగుర్రాన్ని తీర్చిదిద్దుకున్న ఓపిక. రౌతు కొద్దీ గుర్రమని మనవాళ్లు ఊరికే అనలేదు. అంత కష్టాన్నీ మహిమ ఖాతాలో రాసెయ్యడం ఆమెకు చేసే అన్యాయం.

గుర్రంతో మేలే లేదని ఎవరూ అనరు. నడిచే గుర్రం మీద కూర్చుంటే మన నడుము, మనం నడిచేటప్పుడు కదిలినట్టే కదులుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు థెరపిస్టులు ఈ కదలికను వాడుకుంటారు. పగ్గం పట్టేవాళ్లు వేరు, పిల్లవాడి పక్కన నడిచేవాళ్లు వేరు. మనసు జబ్బుల దగ్గరికొస్తే కథ మారుతుంది. 2014లో అమెరికా పరిశోధకులు 14 అధ్యయనాలను జల్లెడ పట్టి, మనసు జబ్బులకు గుర్రాలతో చేసే చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారాలు చాలవని తేల్చారు. డాక్టరు రాసిన మాత్రలు మాని లాయానికి రమ్మనేవాణ్ణి నమ్మకండి.

ఇక ఆ అద్దం సంగతి. గుర్రం మనిషి ముఖం చదవగలదు. కోపంగా ఉన్న ముఖాల ఫోటోలు చూపిస్తే గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగిందని 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు గమనించారు. వేటాడే జంతువుల నోట పడకుండా బతికిన జాతి జాగ్రత్త అది. మీ దిగులు తెలుసుకుని ఓదార్చడానికి దానికేం పట్టింది?

విశాఖ ఆర్కే బీచిలో పిల్లలు గోల చేస్తున్నా కదలకుండా నిలబడ్డ గుర్రాన్ని చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అంటాం. దగ్గరికెళ్లి చూడండి. చెవులు బిగిసి వెనక్కి తిరిగాయా? కంటి మీది కండ బిగుసుకుందా? ముక్కుపుటాలు లాగి పెట్టినట్టున్నాయా? గుర్రం నొప్పిని ముఖంలో గుర్తించడానికి పశువైద్యులు చూసేవి ఇవే. రైడుకింత అని తీసుకుని తిప్పే కుర్రాణ్ణి నేను తప్పు పట్టను, అతని పొట్టకూడు అది. ప్రశాంతత అని రాసి అమ్మేవాడిది తప్పు.

ప్రకృతి అంటారా, గుర్రానికి ప్రకృతి అంటే రోజులో సగానికి పైగా మేత, తోడుకు మరో గుర్రం. దాని పొట్టలో ఆమ్లం ఎడతెగకుండా ఊరుతూనే ఉంటుంది. గంటల కొద్దీ గడ్డి లేకపోతే లోపల పుండ్లు పడతాయి. రెండు పూటలా ఇంత దాణా పడేసి మిగతా పొద్దంతా కొట్టంలో కట్టేస్తే, కొన్ని గుర్రాలు తల అదే పనిగా అటూ ఇటూ ఊపుతాయి, గాడి అంచు కొరికి పట్టి గొంతులోకి గాలి లాగుతాయి. వచ్చినవాళ్లు నాట్యమాడుతోందని వీడియో తీసుకుంటారు.

గుర్రాల దగ్గర మనసు తేలికపడేవాళ్లు లేకపోలేదు. నాకు తెలిసినంతలో వాళ్లంతా లద్దె ఎత్తేవాళ్లు, డెక్క ఒళ్లో పెట్టుకుని ఇరుక్కున్న రాళ్లు తీసేవాళ్లు. వాళ్లలో ఒక్కరూ గుర్రం వైద్యం చేసిందని అనగా నేను వినలేదు.

ఎక్కాలనిపిస్తే ఎక్కండి. ముందు కాసేపు కింద నిలబడండి. జీను పట్టీ ఒరుసుకునే చోట పుండుందేమో, కళ్లెం కోసి నోటి మూలలు చిట్లాయేమో, దగ్గరలో నీళ్లతొట్టి ఉందో లేదో చూడండి. ఉండకూడనివి ఉన్నా, ఉండాల్సింది లేకపోయినా మీరు ఎక్కకండి, పిల్లల్ని ఎక్కించకండి, ఎందుకు ఎక్కలేదో యజమానికి చెప్పి రండి.