పాకము – వాక్యము

నవంబరు నెల నాల్గవ గురువారము అమెరికావారికి పెద్ద పండుగ. కృతజ్ఞతా దినమని దానిని తెలిగింపవచ్చును. ఆనాటి విందున "పై" అను భక్ష్యము లేకున్న అది విందే కాదని అచ్చటివారి తలంపు. గుమ్మడికాయతో చేసినది, ఆపిలుపండ్లతో చేసినది, పెకాన్ పప్పుతో చేసినది అందు ముఖ్యములు. పిల్లలకు మాత్రము చాక్లెట్ క్రీమ్ పై మీదనే కన్ను. ఈ పేరు విన్న తెలుగువానికి మొదట నవ్వు రావచ్చును. తెలుగున "పై" యనగా మీది భాగము. ఈ భక్ష్యమునకో, అడుగే గాని పైకప్పు లేదు. పిండితో చేసిన పెంకులో చాక్లెట్ పూరణము పోసి, దానిమీద పొంగించిన మీగడను పరచుటయే దీని స్వరూపము. పై లేని పై యన్నమాట.

ఆ దేశమున స్థిరపడిన తెలుగువారి యిండ్లలోనికి సైతము ఈ భక్ష్యము ప్రవేశించినది. బడికి పోవు పిల్ల స్నేహితురాలి యింట తిని వచ్చి, "అమ్మా, మన యింట్లో ఎందుకు చేయవు?" అని యడిగిన తల్లి యేమి చేయును? అంగడిలో పొడి పెట్టె దొరకును. అందున్నది ముందే ఉడికించి ఆరబెట్టిన పిండి గనుక, చల్లని పాలలో వేసి గిలకొట్టినంతనే చిక్కబడును. పొయ్యితో పని లేదు. తొందరలో నున్నవారికి అది సాయమే, నిందించుట అనవసరము. అయితే పెట్టె విప్పినవారికి ఒక భక్ష్యము లభించునే గాని ఒక విద్య లభింపదు. ఆ విద్య కోరి యింట చేయబూనిన యిల్లాలికి పాకపుస్తకమే గురువు. ఆ గురువు ఎంతవరకు చెప్పును, ఎక్కడ నోరు మూసికొనును అనునది విచారింపదగిన విషయము.

9 అంగుళముల పళ్లెమునకు సరిపడు లెక్క యిది. గ్రాహం క్రాకర్ అను గోధుమ బిస్కట్లను పొడిచేసి, కరగిన వెన్నయు కొంచెము పంచదారయు కలిపి, పళ్లెము లోపలి వైపున గట్టిగా అదిమి, 10 నిమిషములు ఓవెన్‌లో కాల్చి చల్లార్చినచో పెంకు సిద్ధము. పూరణమునకు 3 కప్పుల పాలు, ముప్పాతిక కప్పు పంచదార, పావు కప్పు కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు, 4 గ్రుడ్ల పచ్చసొనలు, 170 గ్రాముల నల్ల చాక్లెట్, రెండు చెంచాల వెన్న, కొంచెము వనిల్లా కావలెను. ఇచ్చట నొక చిక్కు కలదు. మన దేశమున కార్న్‌ఫ్లోర్ అని అమ్ము తెల్లని మెత్తని పొడి, మొక్కజొన్ననుండి తీసిన శుద్ధమైన పిండిపదార్థము. దానిని అమెరికాలో కార్న్‌స్టార్చ్ అందురు. కార్న్‌ఫ్లోర్ అని అచ్చట అడిగినచో గింజను మొత్తముగా విసరిన పసుపుపచ్చని పిండి నిత్తురు. పేరు నమ్మి తెచ్చినవారికి పూరణము బదులు సంకటి సిద్ధించును. వంటింట సైతము పర్యాయపదములను తెలిసి వాడవలసినదే.

పంచదార, కార్న్‌ఫ్లోర్, ఉప్పు కలిపి, పాలు కొంచెము కొంచెముగా పోసి, ఉండలు లేకుండ కలియబెట్టి సన్నని సెగపై కాచవలెను. వేడెక్కిన పాలను సొనలలోనికి సన్నని ధారగా పోసి కలిపి, ఆ మిశ్రమమును తిరిగి గిన్నెలో చేర్చవలెను. సొనలనే ఒక్కసారిగా వేడి పాలలో కుమ్మరించినచో అవి ముద్దలు ముద్దలుగా గట్టిపడును. తరువాత మరగించి, దింపి, చాక్లెట్, వెన్న, వనిల్లా కలిపి పెంకులో పోసి, మీద పొర కట్టకుండ మైనపు కాగితమును అంటించి, 4 గంటలకు తక్కువ కాకుండ ఫ్రిజ్‌లో ఉంచవలెను. తుదకు మీగడ. అందు కొవ్వు నూటికి 30 పాళ్లకు తగ్గరాదు; తగ్గిన, ఎంత గిలకొట్టినను నిలువదు. కొట్టుట మించిన వెన్న పడును. ఈ సంగతి తెలుగింటి కవ్వమునకు క్రొత్తగా చెప్పనక్కర లేదు.

"మరగించి" అన్న ఆ యొక్క క్రియలోనే కథ యంతయు ఉన్నది. అనేక పుస్తకములు "చిక్కబడువరకు కలుపుము, ఒక నిమిషము మరగనిమ్ము" అని చెప్పి ముందునకు సాగిపోవును. ఏల మరగవలెనో చెప్పవు. పాలు, గ్రుడ్లు కలిపి చేయు కస్టర్డును మరగింపరాదనియు, మరగిన విరుగుననియు ఇల్లాలు అంతకుముందే విని యుండును. ఆ మాట నిజమే. కావున జాగ్రత్త యెరిగిన యిల్లాలు, గరిటెకు పట్టునంత చిక్కదనము రాగానే గిన్నె దింపివేయును. ఆ సాయంకాలము పై చక్కగానే నిలుచును. మరునాడు కత్తి పెట్టినచో లోపలిది పులుసువలె పారును. చేసినది అజాగ్రత్తవలన చెడలేదు, జాగ్రత్తవలననే చెడినది. పాపము, ఆమె చాక్లెట్‌ను నిందించును, పొయ్యిని నిందించును, తుదకు తన చేతిని నిందించుకొనును.

కారణ మిది. పచ్చసొనలో అమైలేజ్ అను ఎంజైము కలదు. పిండిపదార్థమును ముక్కలు చేయుట దాని పని. మనుష్యుని లాలాజలమున నున్నదియు ఆ జాతిదే. అన్నము చాలసేపు నమలిన తియ్యబడునని తరగతిలో చెప్పు పాఠమునకు మూల మదియే. పూరణము బాగుగా మరగిననే గాని ఆ ఎంజైము నశింపదు. సగము కాగి దిగిన గిన్నెలో అది రాత్రియంతయు నిశ్శబ్దముగా పనిచేసి, వచ్చిన చిక్కదనమును కరగించివేయును. ఇక విరుగునను భయ మందురా, పిండిపదార్థము తగినంత కలసిన పాలలో సొనలు మరగినను విరుగవు. పిండి వానికి అడ్డు నిలిచి ముద్ద కట్టనీయదు. కస్టర్డునకు చెప్పిన నియమము పిండి లేనప్పటి నియమము. గిన్నె నడుమ పెద్ద బుడగలు లేచి "బుడుక్కు" మని పగులుచుండ, ఒకటి రెండు నిమిషములు ఎడతెగక కలుపవలెనని, ఏలనన ఇట్లని, రెండు వాక్యములు పుస్తకమున నున్నయెడల ఆ యిల్లాలి పండుగ నిలిచియుండెడిది.

కొలత విషయమున మాత్రము అమెరికావారిని మెచ్చుకొనక తప్పదు. పూర్వము అచ్చటి పుస్తకములును "గ్రుడ్డంత వెన్న" యని వ్రాసినవే. 1896లో బోస్టన్ వంట పాఠశాలకు అధ్యక్షురాలైన ఫానీ ఫార్మర్ తన గ్రంథమున కప్పును, చెంచాను అంచు మట్టముగా కొలువవలెనని పట్టుబట్టెను. ఆ పుస్తకము అమ్ముడు పోవునను నమ్మకము ప్రకాశకులకు లేక, తొలి 3000 ప్రతుల అచ్చు ఖర్చు ఆమెపైననే మోపిరి. తరువాత అది లక్షల కొలది యిండ్లకు చేరినది. ఆమె ఆహారపదార్థముల శాస్త్రమును సైతము ఆ గ్రంథారంభముననే చెప్పబూనినది. పిదప వచ్చిన పలువురు కొలతను పట్టుకొని కారణమును విడిచిరి. కారణము చెప్పువారు నేడు లేకపోలేదు. 1984లో హెరాల్డ్ మెగీ వంటింటి శాస్త్రమును ఒక బృహద్గ్రంథముగా వెలువరించెను. కాని ఆ గ్రంథము అలమరలో నుండును; పొయ్యి ప్రక్కన నుండునది చిన్న కాగితము.

తెలుగింటి లోపము దీనికి తలక్రిందులు. ఇచ్చట కొలత లేదు, గురుతు కలదు. అరిసెల పాకము ఎన్ని నిమిషములు కాగవలెనని ఏ యవ్వయు చెప్పదు. నీటిలో వేసి చూడుమనును. ఉండ కట్టవలెను, ఆ యుండ వ్రేళ్ల నడుమ మెత్తగా అణగవలెను. నిమిషములకంటె ఈ గురుతు వేయి రెట్లు మేలు. పొయ్యి మారినను, గిన్నె మారినను, ఊరు మారినను అది మారదు. బియ్యపు పిండి తడి యారకుండ ఎందుకు వాడవలెనో, ఏ బెల్లము పాకమునకు లొంగునో ఆ యవ్వకు తెలియును. తెలియని దొక్కటే, దానిని కాగితముపై పెట్టుట. తల్లి యున్నన్ని నాళ్లు దూరదేశమున నున్న కూతురు ఫోనులో అడిగి తెలిసికొనును. "పిండి ఎంత?" అని యడిగిన "పాకము పట్టినంత" అని యవతలినుండి సమాధానము వచ్చును. ఆ సమాధానమున నున్న విద్య ఆమెకు చేతిలో నుండి చేతిలోనికి రావలెనే గాని తీగవెంట రాదు. తల్లి పోయిన తరువాత చాక్లెట్ పైకి కొలత గల కాగితమైన నున్నది. అరిసెకు అదియు లేదు.

ఈ విషయమున తెలుగు బోధకులు చేయదగిన పని కలదు. బడులలో వ్యాసరచన యనగా వసంతఋతువు, గ్రంథాలయముల వలని లాభములు, విజ్ఞానము వరమా శాపమా అనునవే. విద్యార్థి చూడని కోకిలను కూయించును, చదువని గ్రంథాలయమును పొగడును. మార్కులు పడును. అదే విద్యార్థిని మీ యింట ఒక భక్ష్యము చేయు విధమును, చదివినవాడు చేయగలుగునట్లు, పది వాక్యములలో వ్రాసి తెమ్మన్నచో కలము కదలదు. "తరువాత", "పిమ్మట" అని క్రమము చెప్పుట, "ఏలనన" అని కారణము చెప్పుట, "ఎప్పు డిట్లుండునో అప్పుడు" అని గురుతు చెప్పుట గద్యమునకు ప్రాణములు. వీనిని వర్ణనలలో నేర్పుట కష్టము. పొయ్యికడ తేలికగా పట్టుబడును. వంట ఆడుపిల్లల పని గదా యని యెవరేని ఆక్షేపించినచో, నలుడును భీముడును ఎవరని యడుగవలెను. ఇది సాహిత్యము కాదను పండితులును ఉందురు. ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని కవిత్వమునకు పేర్లు పెట్టిన లాక్షణికులు ఆ మాటను ఎక్కడినుండి తెచ్చుకొనిరో వారు ఒకసారి తలపోయుదురు గాక.

చాక్లెట్ దూరదేశపు వస్తువు, దానితో తెలుగు పిల్లలకేమి పని యనుటకును వీలు లేదు. నేడు భారతదేశమున కోకో పండించు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానము. ఏలూరు జిల్లాలోను, గోదావరి జిల్లాలలోను కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన ఆ చెట్లు పెరుగుచున్నవి. కాయ పగులగొట్టి, గుజ్జుతో నున్న గింజలను కుప్పగానో పెట్టెలలోనో పోసి కప్పి, ఐదారు రోజులు పులియబెట్టి, నడుమ తిరగబోసి, పిదప ఎండబెట్టుదురు. చాక్లెట్ రుచికి పునాది ఆ కుప్పలోనే పడును. గింజలు బస్తాల కెక్కి పోవును; పెరటి చెట్టు మందునకు పనికిరాదన్నట్లు, ఆ తోటల నడుమ నున్న బడులలో దాని మాట తలచువారు అరుదు. కుప్పలో చేయి పెట్టిన వేడి యెంత యుండవలెను, పులిసిన వాసన ఎప్పుడు మారును, తిరగబోయుటకు సమయమని తండ్రి యెట్లు గుర్తించును? తోటకు పోయి, అడిగి, చూచి, ఈ మూడింటికి మూడు వాక్యములు తప్పులేక వ్రాసి తెచ్చిన పిల్లవానికి పదికి పది మార్కులు వేయవచ్చును. అక్షరదోషములు రెండున్నను క్షమింపవచ్చును.