హాట్‌స్పాట్ ఒకడిది, అవసరం నలుగురిది

"నువ్వొక్కడివి రోమింగ్ ప్యాక్ వేయించుకోరా మామా. మేం ముగ్గురం నీ హాట్‌స్పాట్ వాడుకుంటాం. డబ్బులు తర్వాత చూసుకుందాం."

పై చదువులకు విదేశాలకు బయల్దేరే స్నేహితుల మధ్య, శంషాబాద్ చెకిన్ క్యూలో నిలబడే దాకా సాగే మాట ఇది. తప్పేముంది అనిపిస్తుంది. అప్పటికే వీసాకీ, టికెట్‌కీ, జర్మనీ అయితే బ్లాక్డ్ అకౌంట్‌కీ ఇంట్లోవాళ్లు లక్షలు సర్ది ఉంటారు. నాలుగు ప్యాక్‌ల చోట ఒకటి సరిపోతే మిగిలినట్టే కదా! డేటా పంచుకోవద్దని మేం చెప్పడం లేదు. సొంతానికి చిన్న కనెక్షన్ అయినా లేకుండా, పక్కవాడి ఫోన్‌ను నమ్ముకుని మాత్రం దేశం దాటొద్దు అంటున్నాం.

జర్మనీ సంగతే చూడండి. నలుగురూ కలిసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతారు. ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంటుంది కాబట్టి అక్కడ అంతా బాగానే ఉంటుంది. చిక్కు రైల్వే స్టేషన్లో మొదలవుతుంది. ఒకరి యూనివర్సిటీ ఆఖెన్‌లో, ఇంకొకరిది కెమ్నిట్స్‌లో. హాట్‌స్పాట్ పనిచేసేది పట్టుమని కొన్ని మీటర్లే. ప్యాక్ ఉన్నవాడు తన రైలెక్కిన మరుక్షణం మిగతా ముగ్గురి ఫోన్లూ ఉత్త కెమెరాలైపోతాయి. ప్లాట్‌ఫాం మారిందన్న కబురు యాప్‌లో వస్తుంది, మీకు కనిపించదు. గది తాళం ఇచ్చే మనిషి వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు, మీకు చేరదు. పెద్ద రైళ్లలో వైఫై ఉన్నా, ఊళ్ల మధ్య తిరిగే రైళ్లలో చాలావాటిలో ఉండదు.

దిగగానే అక్కడి సిమ్ కొనుక్కుంటాం అంటారా? ఆదివారం దిగితే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో కొన్ని తప్ప దుకాణాలన్నీ మూసే ఉంటాయి. పైగా 2017 జులై నుంచి అక్కడ ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా పాస్‌పోర్టు లాంటి గుర్తింపు పత్రంతో తనిఖీ తప్పనిసరి. ఆ తనిఖీ చాలాసార్లు వీడియో కాల్‌లో జరుగుతుంది. అంటే కొత్త సిమ్ పనిచేయాలంటే ముందు ఇంకో ఇంటర్నెట్ కావాలి! అందుకే బయల్దేరే ముందే, మీ ఫోన్‌లో సదుపాయం ఉంటే, తక్కువ డేటా ఉన్న ఇ-సిమ్ ఒకటి వేసుకోండి. లేదంటే మీ ఇండియా నంబరు మీద చిన్న రోమింగ్ ప్యాక్. మొదటి రెండు రోజులు గడవడానికి అది చాలు.

ఇండియా నంబరు అన్నాం కదా, దాన్ని చావనివ్వకండి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. హాట్‌స్పాట్ ఎంత వేగంగా ఉన్నా ఎస్సెమ్మెస్ మాత్రం సాధారణంగా సిమ్‌కు సిగ్నల్ ఉంటేనే అందుతుంది. రోమింగ్ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో ఇక్కడ ఉన్నప్పుడే కంపెనీని అడిగి తేల్చుకోవాలి. అక్కడికెళ్లాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలన్నా ఆ సిమ్మే కావాలి మరి.

ఇప్పుడు హాట్‌స్పాట్ ఇచ్చేవాడి వైపు నుంచి చూద్దాం. వాడి బాధ ఎవరికీ పట్టదు. మీ ఫోన్, ల్యాప్‌టాప్ అతని హాట్‌స్పాట్‌ను చాలాసార్లు మామూలు వైఫై అనుకుంటాయి. ఇంట్లో ఉన్నామనుకుని పని మొదలుపెడతాయి. ఎయిర్‌పోర్టులో తీసిన ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కు వెళ్తాయి. యాప్‌లు అప్‌డేట్ అవుతాయి. ల్యాప్‌టాప్ మూత తెరిస్తే విండోస్ అప్‌డేట్ లేచి కూర్చుంటుంది. మీరు "మ్యాప్ ఒక్కసారి చూశానంతే" అని ప్రమాణం చేస్తారు, అదీ నిజమే. కానీ పాపం, వాడి ప్యాక్ ఖాళీ. కనెక్ట్ అయ్యే ముందు విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను 'మీటర్డ్ కనెక్షన్'గా మార్చండి. ఐఫోన్‌లో 'లో డేటా మోడ్' పెట్టండి. ఫొటోల బ్యాకప్ ఆపేయండి. సినిమా జోలికి వెళ్లకండి. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా తాగేస్తుంది. మ్యాప్, అనువాదం యాప్‌లో జర్మన్ భాష, అడ్మిషన్ లెటర్ ఇంట్లో వైఫై ఉండగానే దించుకుంటే సగం అవసరం తీరిపోతుంది.

ఇక "డబ్బులు తర్వాత చూసుకుందాం" అన్న మాట. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాదు. ఇచ్చినవాడు అడగలేడు, తీసుకున్నవాడికి గుర్తుండదు. చిన్న మొత్తమే అయినా లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. ప్యాక్ కొన్న రోజే నాలుగు వాటాలు వేసి యూపీఐలో పంపేయండి. అడిగించుకోవద్దు.

పార్ట్‌టైమ్ ఉద్యోగం వెతుక్కునేవారికి ఇది మరీ ముఖ్యం. ఇంటర్వ్యూ చాలావరకు వీడియో కాల్‌లోనే జరుగుతుంది. రూమ్మేట్ హాట్‌స్పాట్ మీద కూర్చున్నారనుకోండి, అతనికి బయట పనిపడినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా మీ ఇంటర్వ్యూ అక్కడికి ఆగినట్టే. కొన్ని ప్లాన్లలో ఫోన్‌లో వాడుకునే డేటాకు, హాట్‌స్పాట్‌గా ఇచ్చే డేటాకు వేర్వేరు పరిమితులుంటాయి. కొన్ని ట్రావెల్ ఇ-సిమ్‌లు అసలు హాట్‌స్పాట్‌నే ఒప్పుకోవు. 'అన్‌లిమిటెడ్' అన్న మాట చూసి మురిసిపోకుండా కింద చిన్న అక్షరాలు చదవాలి.

కుదురుకున్నాక వారాంతపు షికార్లు మొదలవుతాయి. ఇక్కడ యూరప్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. 2017 జూన్ 15 నుంచి, ఈయూలో ఒక దేశపు సిమ్‌ను మిగతా ఈయూ దేశాల్లో అదనపు రోమింగ్ చార్జీ లేకుండా వాడుకోవచ్చు. ఈ నిబంధనను 2032 దాకా పొడిగించారు కూడా. డేటాకు మాత్రం కంపెనీలు ఒక హద్దు పెట్టవచ్చు. ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి వచ్చినవాడు అదే ధీమాతో స్విట్జర్లాండ్ రైలెక్కుతాడు. స్విట్జర్లాండ్ ఈయూలో లేదు. కొన్ని కంపెనీలు దాన్ని ప్యాక్‌లో కలుపుతాయి, కొన్ని కలపవు. సరిహద్దు దాటగానే ఫోన్ తనంతట తాను స్విస్ టవర్‌ను పట్టుకుంటుంది. నలుగురు ఒకే హాట్‌స్పాట్ మీద ఉన్నారంటే నలుగురి వాడకమూ ఒక్కరి బిల్లులోకి ఎక్కుతుంది. బాసెల్ వెళ్లే ముందు ప్లాన్‌లో ఆ పేరుందో లేదో చూసుకోండి, లేకపోతే డేటా రోమింగ్ ఆపేసి కూర్చోండి.

బిల్లు ఒక్కటే కాదు, కనెక్షన్ ఎవరి పేరున ఉంటే బాధ్యతా వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. కొత్త తెలుగు సినిమా టోరెంట్‌లో దించుకోవడం ఇక్కడ కొందరికి అలవాటు. జర్మనీలో అలా చేస్తే హక్కుదారుల లాయర్ల నుంచి డబ్బు కట్టమని నోటీసు వస్తుంది. ముందుగా అందుకునేది కనెక్షన్ యజమాని, సినిమా చూసినవాడు కాదు. షేరింగ్ ఫ్లాట్‌లో వైఫై మీ పేరున తీసుకుంటే ఈ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పండి, మొహమాటం వద్దు. రేపు ఉద్యోగంలో చేరి ఆన్‌సైట్‌కు వెళ్తే ఆఫీసు ఇచ్చిన ఫోన్ హాట్‌స్పాట్‌ను స్నేహితులకు అసలే ఇవ్వకండి, అది కంపెనీ సొమ్ము, కంపెనీ నెట్‌వర్క్.

ప్రయాణం ముగిశాక హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ మార్చేయండి. మీ స్నేహితుల ఫోన్లు దాన్ని ఇంకా గుర్తుపెట్టుకునే ఉంటాయి.