శిల్పశాలల తలుపులు తెరవండి

చలికాలం వచ్చేసరికి పెద్ద నగరాలు కళకు కొన్నాళ్లు కేటాయించడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ముంబైలో కాలాఘోడా ఉత్సవం 1999 నుంచి సాగుతోంది. కొచ్చిలో ద్వైవార్షిక కళాప్రదర్శన 2012 డిసెంబరు 12న మొదలైంది. హైదరాబాదులో 2015 నుంచి ఫొటోల ఉత్సవం జరుగుతోంది. ఊరంతా ప్రదర్శనలు, తెలిసినవాళ్లు వెంట ఉండి చూపించే నడకలు, కళాకారుల పనిగదుల్లోకి పిలుపు, ఇలాంటి వేడుకల తీరు ఇంచుమించు ఇదే. తెనాలికీ అలాంటి వారం ఒకటి కావాలని ఈ పత్రిక కోరుతోంది. అయితే నగరాల్లో ప్రదర్శనశాలది పెద్దపీట, పనిగదిది పక్కపీట. తెనాలిలో ఆ వరుస తిరగబడాలి. ఇక్కడ చూడవలసిన సంగతంతా పనిగదిలోనే ఉంది.

తెలుగునాట ఏ కూడలిలోనైనా ఒక విగ్రహం ఉంటుంది. వాటిలో తెనాలి చేతులమీదుగా వెళ్లినవి తక్కువేమీ కాదు. ఇక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప ముక్కలు, నట్లు, బోల్టులు, గొలుసులు అతికించి నిలువెత్తు బొమ్మలు చేస్తారు. 2021లో బెంగుళూరు కోసం వాళ్లు తుక్కు ఇనుముతో చేసిన 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహం దేశమంతా వార్త అయింది. వార్త చదివినవాళ్లకు ఎత్తు తెలిసింది, ఇనుము బరువు తెలిసింది. ముఖంలో కండ తిరిగినచోట గుండ్రని ముక్క వాడాలా పలక వాడాలా, ఎక్కడ అతుకు కనిపించాలి, ఎక్కడ కనిపించకూడదు అన్న నిర్ణయాలు ఎలా జరుగుతాయో తెలియలేదు. వార్తకు అది అక్కర్లేదు. చూసేవాడికి మాత్రం కావలసింది అదే.

మనం విగ్రహాన్ని చూసే తీరే వేరు. ముసుగు తొలగిన రోజున, ఆ తర్వాత జయంతికీ వర్ధంతికీ, మెడనిండా దండలతో చూస్తాం. పోలిక కుదిరిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో మన విమర్శ ముగుస్తుంది. పోలికకు వెనుక చాలా పని ఉంది. ఇనుప చట్రం మీద మట్టి నమూనా, దానిమీద ప్లాస్టరు అచ్చు, అచ్చులో ఫైబరు పొరలో కంచు పోతో. ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టే బొమ్మకు తల కాస్త పెద్దది చేయకపోతే కిందినుంచి చూసేవారికి చిన్నదిగా కనిపిస్తుంది. పంచె మడతల్లో నీడ పడకపోతే కాళ్లు స్తంభాల్లా ఉంటాయి. ఈ సంగతులు ఒక్క సాయంత్రం శిల్పశాలలో నిలబడి చూసినవాడు తన ఊరి కూడలిలోని బొమ్మను మరునాడు వేరే కళ్లతో చూస్తాడు. అసలు ఈ వారం వల్ల కలగాల్సిన లాభం అదే. పర్యాటకులు వస్తే మంచిదే, రాకపోయినా నష్టం లేదు.

ఇంకో లెక్క కూడా సరిచేయవలసి ఉంది, అది పేర్ల లెక్క. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపంలో తవ్వి తీసిన ధాతుకరండాల మీద రాతలు దొరికాయి. కుబీరకుడనే రాజు పేరుంది, ఒక గోష్ఠి ప్రస్తావన ఉంది, నిగమ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. అంటే రెండువేల ఏళ్లకు పూర్వమే ఈ నేలమీద కళకు పోషకులు రాజులొక్కరే కారు, ఊరివాళ్లు కలిసి ఖర్చు పెట్టుకున్నారు, పేర్లు కూడా రాయించుకున్నారు. ఈనాటి విగ్రహం దిమ్మెకున్న పాలరాతి పలక చదవండి. ఆవిష్కర్త పేరు, ముఖ్య అతిథి పేరు, దాతల పేర్లు, కొన్నిచోట్ల కమిటీ సభ్యులందరి పేర్లు ఉంటాయి. శిల్పి పేరు చాలాచోట్ల వెతికినా దొరకదు. పోషకుడి పేరు చెక్కే అలవాటు ఇక్కడ అంత పాతది. చేసినవాడి పేరు అడిగే అలవాటు ఇంకా రాలేదు.

కళావారానికి ఇక్కడ ప్రేక్షకులు ఎక్కడున్నారు అని మొదటి ఆక్షేపణ వస్తుంది. చిత్రకళ చూసే అలవాటు మనకు లేదు, టికెట్టు పెట్టకపోయినా ఎవరూ రారు అంటారు. నాటకం చరిత్ర దీనికి సమాధానం. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. పరిషత్తు పోటీల్లో ఒకే వేదికమీద వరుసగా నాటకాలు చూసి, ఎవరు ఎక్కడ తప్పారో, ఎవరి వాచికం ఎలా ఉందో మాట్లాడుకునే ప్రేక్షకులు తయారయ్యారు. వాళ్లు ఆ రుచి పుట్టుకతో తెచ్చుకోలేదు. మళ్లీ మళ్లీ చూడడం వల్ల, చూసినదాన్ని మరొకదానితో పోల్చడం వల్ల వచ్చింది. తెరమీది కళకు ఆనందించిన ఊరు కూడా ఇదే. ‘మాయాబజార్’ కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే ఈ చుట్టుపక్కల బ్రాహ్మణకోడూరు వాడు. ‘చందమామ’ ద్వారా పిల్లలకు నెలనెలా బొమ్మలు చూడడం నేర్పిన చక్రపాణి తెనాలి వాడు. ప్రేక్షకులు లేరనడం సరికాదు, వాళ్లను పిలిచినవాళ్లు లేరనాలి.

రెండో ఆక్షేపణ కాస్త గడుసుది. నాయకుల విగ్రహాలు చేయడం కళ కాదు, ఆర్డరు పని, దాన్ని చూపించడానికి వారం ఎందుకని చిత్రకారుల్లోనే కొందరు అడగవచ్చు. ఇందులో కొంత నిజముంది. అచ్చు ఒకటి దగ్గర పెట్టుకుని కళ్లద్దాలు మార్చి ఇద్దరు నాయకుల్ని తయారుచేసే పని కూడా జరుగుతుంది. దాన్ని కళ అనమని ఎవరినీ బలవంతం చేయనక్కర్లేదు. కానీ ఆర్డరు మీద చేసినదేదీ కళ కాదంటే గుడి గోపురాలన్నీ లెక్కలోంచి పోతాయి. మంచి పనికీ మొక్కుబడి పనికీ తేడా తెలియాలంటే రెండూ పక్కపక్కన చూడాలి. శిల్పశాలల తలుపులు తెరిస్తే మొక్కుబడి పని దాగదు. శిల్పులకు ఇది కొంచెం ఇబ్బందే, అయినా మంచివాళ్లకు మేలు.

ఈ వారంలో చిత్రకారులకు చోటు ఉండదా? ఉంటుంది, ఉండాలి. వాళ్లకు ఆదర్శం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. దుగ్గిరాల పక్క తుమ్మపూడిలో సంజీవదేవ్ ఉండేవారు. 1914లో పుట్టి, హిమాలయాల్లో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ సాన్నిహిత్యం చవిచూసి, తిరిగొచ్చి 1999లో కన్నుమూసేదాకా ఆ పల్లెలోనే బొమ్మలు వేస్తూ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కళ గురించి రాస్తూ గడిపారు. ఆయన్ని చూడడానికి మనుషులు తుమ్మపూడికి వచ్చేవారు. కళ గురించి తీరిగ్గా మాట్లాడుకోవడానికి నగరం అవసరం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కళావారంలో ఒక రోజు నడక తుమ్మపూడికి, మరో రోజు రేపల్లె పాసింజరెక్కి భట్టిప్రోలు స్తూపానికి పెట్టవచ్చు. బస్సుల ఖర్చు కూడా తప్పుతుంది.

ఖర్చన్న మాట వచ్చింది కాబట్టి కొచ్చి అనుభవం గుర్తుంచుకోవాలి. 2022లో డిసెంబరు 12న తెరుచుకోవలసిన ద్వైవార్షిక, పనులు పూర్తికాక చివరి నిమిషంలో 23కు వాయిదాపడింది. దేశదేశాల నుంచి వచ్చిన కళాకారులు బాహాటంగా నిరసన చెప్పారు. గోదాముల్ని ప్రదర్శనశాలలుగా మార్చడం, ఓడల్లో వచ్చే కళాఖండాల్ని విప్పడం అంత పెద్ద సంస్థకే కష్టమైంది. పనిగదులు తెరిచే వారానికి ఈ బెడద లేదు. గోడలు కట్టనక్కర్లేదు, బొమ్మలు మోయనక్కర్లేదు. చిన్న చిత్రాలకు రామకృష్ణకవి కళాక్షేత్రం, రెండు మూడు బడుల హాళ్లు చాలు. డబ్బు పెట్టవలసిన చోటు ఒకటే. శిల్పశాలలో పని ఆగినంతసేపూ కూలివాళ్ల గంటలు పోతాయి, ఆ నష్టం నిర్వాహకులు భరించాలి. దుమ్ము, వెల్డింగు మెరుపులు, ఫైబరు వాసన ఉన్నచోటికి పిల్లల్ని గుంపుగా తోలకూడదు. రోజూ సాయంత్రం మూడు గంటలు, పదిమందికి మించని జట్లు, చెప్పగలిగినవాడు ఒకడు వెంట ఉంటే సరిపోతుంది.

అసలు భయం మరొకటి ఉంది. ఇలాంటిదేదైనా మొదలైతే ప్రారంభ సభలో వేదికమీద కుర్చీలు కింది కుర్చీలకన్నా ఎక్కువవుతాయి, మూడు గంటల ప్రసంగాల తర్వాత బొమ్మలు చూడడానికి వెలుతురు ఉండదు. కాబట్టి ప్రారంభ సభ వద్దు, ముగింపు సభ వద్దు, సన్మానాలు వద్దు. ఆ వారంలో ఊళ్లో కొత్త విగ్రహాల ఆవిష్కరణ కూడా వద్దు. సంక్రాంతికి ఊరు చేరినవాళ్లు తిరిగి వెళ్లకముందే, జనవరి మూడో వారంలో పెట్టుకుంటే ప్రచారం ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

పురపాలక సంఘానికి మా విన్నపం ఒకటుంది, దానికి కళావారం దాకా ఆగనక్కర్లేదు. ఊళ్లో ఉన్న ప్రతి విగ్రహం దిమ్మెమీదా శిల్పి పేరు, చేసిన సంవత్సరం చెక్కించండి. తెలిసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, అడిగితే చెబుతారు. పాఠకుల్లో ఎవరికైనా తమ వీధి బొమ్మ ఎవరి చేతిదో తెలిసి ఉంటే ఈ పత్రికకు ఒక ఉత్తరం రాయండి, ఆ జాబితాను వచ్చే సంచికల్లో అచ్చు వేస్తాం.