చక్రములపై సంసారము



క్రిందటి నెల ప్రయాణపు మూటలనుగూర్చి వ్రాసితిని. అది చదివి యొక సోదరి, "మీ యాత్రలలో చిక్కులే లేవా?" యని యడిగినది. లేకేమి! మావారు అమెరికాలో, నార్త్ కరొలైనా రాష్ట్రమున బడిపంతులు. వేసవిలో బడి మూసిన పిమ్మట ఆర్వీ యను ఇంటిబండి నద్దెకు తీసికొని దేశము చూడబోవుట 2016 నుండి మాకు అలవాటైనది. పొయ్యి, పడకలు, స్నానపుగది, నీళ్లతొట్టి సర్వమును ఆ మోటారుబండిలోనే యుండును. బండ్లు తారుమారైనందున గలిగిన యనర్థములతో శూద్రకుడు మృచ్ఛకటికమున నెంతో కథ నడిపెను. ఇల్లే బండియైనచో నేమగునో యాతడు చూడలేదు.

మొదటి యేటనే యొక ఫలహారశాల చూరు క్రిందికి మావారు బండిని పోనిచ్చిరి. ఫెళ్లుమను చప్పుడుతో పైకప్పుమీది ఏసీ మూత నేల గూలెను. బండి యెత్తెంతయో మాలో నొక్కరికిని తెలియదు! మా రాష్ట్రముననే డర్హం పట్టణమునందు 11 అడుగుల 8 అంగుళముల రైలువంతెన యొకటి లారీల పైకప్పులను చీల్చుటలో ప్రసిద్ధి కెక్కినది. 2019లో దానిని 8 అంగుళములు పైకెత్తిరి. అయినను బండ్లు తగులుట మానలేదు. నాటినుండి బండి యెత్తును చీటిపై వ్రాసి మావారి కన్నుల యెదుట నంటించుచున్నాను. పెరుగు గిన్నె పొర్లిన కథలు వ్రాయను. అవి కదలని యిండ్లలోను జరుగునవే.

2023 జూన్ నెలలో జరిగినది మాత్రము చెప్పవలెను. మా అత్తగారు గుంటూరునుండి వచ్చియుండగా యెల్లోస్టోన్ వనమునకు పోయి, సరస్సు చెంత విద్యుత్తులేని విడిదిలో దిగితిమి. బరువు తగ్గునని నేను కుక్కరును ఇంటనే విడిచితిని. ఎంత తెలివితక్కువ! ఆ సరస్సు సముద్రమట్టమునకు 7,733 అడుగుల యెత్తున నున్నది. అచ్చట గాలి యొత్తిడి తక్కువగుటచే నీళ్లు సుమారు 92 డిగ్రీల సెంటీగ్రేడుకే తెర్లును. కుతకుత తెర్లుట చూచి ఉడుకుచున్నదని మోసపోతిని. గంటన్నరయైనను కందిపప్పు బద్దలు బద్దలుగానే యుండెను. అత్తగారు మాటాడక, ఆవకాయతో పలుకన్నమును భుజించిరి.

రాత్రి చలి ముదిరెను. బండిలో వేడిగాలి యంత్రము కలదు. దాని పొగ గొట్టముద్వారా వెలుపలికి పోవును. కాని దాని పంకా తిరుగుటకు బ్యాటరీ కావలెను. పిల్లలు పగలంతయు దీపములు వెలిగించి దానిని హరించిరి. వంటపొయ్యి యెట్లును వెలుగుచున్నది గదా, మన పల్లెలో కుంపటివలె నుండనిమ్మని నేనే యంటిని. కిటికీలు మూసి పరుండితిమి.

నడిరేయి గంట మ్రోగెను. పోపు వేసినప్పుడెల్ల పొగగంట మ్రోగుటయు, నేను బొత్తాము నొక్కి నోరు మూయించుటయు నిత్యకృత్యమే. నిద్రమబ్బులో దీనినిగూడ నొక్కితిని. మరల మ్రోగెను. మరల నొక్కితిని. అప్పుడు అత్తగారు, "అమ్మాయీ, తల పగిలిపోవుచున్నదే, కడుపులో త్రిప్పుచున్నది," అనిరి. వంటగ్యాసునకు దుర్గంధము కలుపుదురు గనుక కారినచో ముక్కు పసిగట్టును. ఆ గ్యాసే గాలి చాలక మండినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తమున ప్రాణవాయువు నిలువవలసిన తావును అది యాక్రమించును. మ్రోగినది పొగగంట కాదు, దానిని కనిపెట్టు వేరొక గంట.

మావారు తలుపు తన్ని తెరచి, పొయ్యి యార్పి, పిల్లల నిద్దరిని చంకల నిడుకొని దుమికిరి. నేను అత్తగారిని కంబళితో బయటికి తెచ్చితిని. మంచులో గడగడ వణకుచు నిలిచితిమి. ఎలుగుబంట్లు తిరుగు చోటని యప్పుడెవరికిని తోచలేదు. వైద్యులు అత్తగారికి చాలసేపు ప్రాణవాయువు పట్టిరి. పిల్లలు క్రింది పడకలపై గాఢనిద్రలో నుండిరి. వారికి నొప్పియని చెప్పుటకైన మెలకువ లేదు. ఆ మాట తలచినప్పుడు నాకిప్పటికిని చేతులు చల్లబడును.

అత్తగారు నన్ను నిందింపలేదు. తెల్లవారిన పిమ్మట, "పప్పు ఉడికియున్నచో నేనును కడుపార తిని మొద్దునిద్ర పోయెడిదాననే," యని మాత్ర మనిరి. నవ్వవలెనో యేడ్వవలెనో తెలియలేదు.

ఇప్పుడు కుక్కరు మా మూటలలో మొదట నెక్కును. గంటను పరీక్షించుట అత్తగారి పని. గుంటూరులో నున్నను ఫోనుచేసి బొత్తాము నొక్కుమందురు. అది కూయగా వినినగాని, "ఇక బయలుదేరుడు," అనరు.