తిరిగితే తగ్గే వణుకు లేదు

"కొత్త షూలు కదా సార్, రెండొందల కిలోమీటర్లు తిరగండి, సెట్ అయిపోతుంది." వెనక బ్రేకులు చేయించుకున్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. నేనూ విన్నాను, నమ్మి తిరిగాను. వేగం 40 దాకా బండి బుద్ధిగానే ఉంది. 60 దాటితే సీటు కింద వణుకు, ఎడమ వెనక చక్రం దగ్గర టక్‌టక్. రెండోసారి వెళ్తే అలైన్‌మెంట్ చేయించమన్నారు.

ఈ రెండు సలహాలూ మన దగ్గర వేదవాక్కులైపోయాయి. వణుకుకు రెండూ పనికిరావు.

మొదటిదాంట్లో పిసరంత నిజముంది. కొత్త షూ డ్రమ్ము వంపుకు ఒదగడానికి కొంత దూరం పడుతుంది. అప్పటిదాకా సన్నటి రాపిడి మామూలే. కానీ ఒదిగేది షూ మీది లైనింగు. వంకరగా కూర్చున్న చక్రం ఒదగదు. వదులు నట్టు తిరిగేకొద్దీ ఇంకా వదులవుతుంది, రిమ్ము రంధ్రాన్ని తినేస్తుంది, చివరికి స్టడ్డే తెగొచ్చు.

రెండోది మరీ విడ్డూరం. అలైన్‌మెంట్ సరిచేసేది చక్రాల కోణాలను. అవి తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. పైగా మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేది టోర్షన్ బీమ్. అక్కడ కోణం మార్చే ఏర్పాటే ఉండదు. వెనక చక్రం ఊగుతోందని పోతే ముందు చక్రాలు సరిచేసి బిల్లిస్తారు. పుండొకచోట, మందొకచోట.

నిన్నటిదాకా లేని రోగం బ్రేకు పని తర్వాత వచ్చిందంటే, చెయ్యి పడిన చోటే వెతకాలి. ముందు చప్పుడు లెక్కపెట్టండి. 14 అంగుళాల రిమ్మున్న చిన్న కారు చక్రం 10 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లకు సుమారు మూడుసార్లు తిరుగుతుంది. టక్‌టక్ అదే లెక్కలో పడితే దోషి చక్రంతోపాటు తిరిగేదే. వేగంతో పెరిగే ఏకధాటి హోరైతే బేరింగును అనుమానించాలి. కాసేపు నడిపాక ఒక చక్రమే కాలుతుంటే షూ విడవట్లేదు, లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ మరీ బిగించారు.

చివరికి వేరేచోట ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తించాను. ఒక నట్టు పానా ఆనగానే తిరిగింది. చక్రం తీస్తే, రిమ్ము ఆనే చోట డ్రమ్ము మీద గోరంత తుప్పు పెచ్చు. దాని మీదే చక్రం పెట్టి, గన్నుతో నట్లు వరసగా లాగించేశారన్నమాట. పెచ్చు గీకి, ఉప్పుకాగితం పట్టి, నట్లు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, టార్క్ రెంచ్‌తో కారు పుస్తకంలో రాసిన బిగువుకు తెచ్చాం. పావుగంట పని. వణుకూ లేదు, టక్‌టకూ లేదు.

"సెట్ అయిపోతుంది" అన్న మాట ఇద్దరికీ సుఖం: షెడ్డుకు మళ్లీ విప్పే పని తప్పుతుంది, మనకు బండి వదిలొచ్చే బాధ తప్పుతుంది. చక్రం విప్పి పెట్టాక 50, 100 కిలోమీటర్ల మధ్య నట్ల బిగువు మళ్లీ చూడాలి. తిరగమన్న కిలోమీటర్లకు అర్థమంటూ ఉంటే అదొక్కటే.