మనం ఎవరి ఏజెన్సీ?

గ్యాస్ ఏజెన్సీ అంటే సిలిండర్లు ఇచ్చే చోటు. న్యూస్ ఏజెన్సీ అంటే వార్తలు పంపే సంస్థ. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ సంగతి డిగ్రీలు చేసి దాని గుమ్మం ముందు నిలబడే మన పిల్లలకే బాగా తెలుసు. మరి ‘మాది ఏజెన్సీ’ అని గొప్పగా చెప్పుకుంటామే, మనం ఏ సరుకుకు ఏజెన్సీ?

ఈ పేరు మన పెద్దలు పెట్టుకున్నది కాదు. గంజాం, విశాఖపట్నం కొండల్లో తిరుగుబాట్లు జరిగాక 1839లో కుంఫిణీ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి, ఆ కొండల్ని మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ కలెక్టరు గవర్నరు తరఫు ఏజెంటు. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. అంటే అది కొండ పేరు కాదు, కొండ మీది మనిషి పేరూ కాదు, దొర కొలువు పేరు. నిజాం ఏలిన ఆదిలాబాదులో ఆ దొర ఏజెంటు ఏనాడూ లేడు. అయినా జోడేఘాట్ వైపు ఊళ్లను కూడా పేపర్లు ఏజెన్సీ అనే రాస్తాయి. వానాకాలం ‘ఏజెన్సీలో జ్వరాలు’, చలికాలం ‘ఏజెన్సీ గజగజ’. టూరిస్టుల కోసమైతే తప్ప ఆ మాట పక్కన మంచి మాట పడదు.

ఆ పేరు వదిలితే హక్కులు పోతాయని కొందరి భయం. మన హక్కులు ఆ మాటతో రాలేదు. రాజ్యాంగం ఐదో షెడ్యూలులో ఉన్నది ‘షెడ్యూల్డ్ ప్రాంతం’.

ఇంగ్లీషులో ఏజెన్సీకి ఇంకో అర్థం కూడా ఉంది. యూనివర్సిటీల్లో ఎక్కువగా వాడతారు. తన పని తానే నిర్ణయించుకుని చేయగల శక్తి అని. ఒకే మాటకు రెండు అర్థాలు: ఒకరి తరఫున చేయడం, తానే చేయడం. మనకు అంటగట్టింది మొదటిది. రెండోది 1996 పెసా చట్టంలో కొంతైనా ఉంది. ఊరి వనరుల మీద, ఆచారాల మీద, తగాదాల మీద గ్రామసభకు శక్తి ఉందని ఆ చట్టం ఒప్పుకుంది. మరి చాలా ఊళ్లలో సభ ఎలా జరుగుతోంది? తీర్మానం ముందే రాసుకుని వస్తారు. మనం సంతకమో వేలిముద్రో వేస్తాం. అది పాత ఏజెన్సీయే, ఏజెంటు మారాడంతే.

టీచర్లకు ఒక మాట. ఈ రెండు అర్థాలూ బోర్డు మీద రాయండి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో వాటిని ఏమంటారో పిల్లల్నే అడగండి. యువకులు వచ్చే గ్రామసభలో సంతకాల పుస్తకం పక్కన పెట్టించి, ముందు తీర్మానాన్ని మన భాషలో చదివి వినిపించమని నిలదీయండి.