ట్యాబ్ మూలలో మా చిన్నది ఏం నేర్చుకుంది?

మొన్న మా చిన్నదాని స్కూల్లో ఓపెన్ హౌస్ అంటే వెళ్ళాను. అది మూడో తరగతి. క్లాసులో బెంచీలు తీసేసి నాలుగు మూలలు చేశారు. వాటిని ‘స్టేషన్లు’ అంటారట. ఒక మూల కథల పుస్తకాలు, ఒక మూల లెక్కలు, ఒక మూల టీచర్ గారి దగ్గర రాత, నాలుగో మూల ట్యాబులు. ఇరవై నిమిషాలకోసారి గంట కొడితే పిల్లలు మూల మారతారు. చూడముచ్చటగానే ఉంది, కాదనను.

నాలుగో మూల దగ్గర నిలబడ్డాను. తెర మీద ఒక తెలుగు పదం, కింద నాలుగు బొమ్మలు. సరైన బొమ్మ నొక్కితే గలగలమని నాణేలు రాలతాయి. మా పిల్ల పదం వైపు చూస్తే ఒట్టు. వరసగా నొక్కుకుంటూ పోయింది. ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ, నాణేలు. “చదవవేమే?” అంటే “అన్నీ నొక్కితే ఎలాగూ వచ్చేస్తుంది కదమ్మా” అంది. పైగా ఆ వారం క్లాసులో నాణేలు దానికే ఎక్కువట. గోడ మీద పేరు కూడా రాశారు!

ఇంటికొచ్చి వాచకం తీసి చదవమన్నాను. ‘పెళ్లి’ని ‘పెలి’ అంది. వొత్తు కనిపిస్తే చాలు, మింగేస్తోంది. జూన్ నుంచి రోజూ ఆ మూలలో కూర్చున్న పిల్ల ఇది.

టీచర్ని తిట్టడానికి కాదు ఇదంతా. ఆవిడ ఒక్కతే, పిల్లలు ముప్ఫై ఆరు మంది. ఏడెనిమిది మందిని దగ్గర కూర్చోబెట్టుకుని రాత దిద్దాలంటే మిగతావాళ్ళు గోల చేయకూడదు. ట్యాబ్ ఇస్తే చేయరు. అన్నం తినడానికి ఫోన్ చేతికిచ్చిన తల్లుల్లో నేనూ ఒకదాన్నే కాబట్టి ఆ కష్టం నాకు తెలుసు. కానీ నేను దాన్ని చదువు అని ఎప్పుడూ అనలేదు. దానికి విడిగా ఫీజూ తీసుకోలేదు.

పిల్లలు గుంపులుగా కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకోవాలంటే తెర ఉండి తీరాలా? మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్క టీచరే ఉండే చిన్న బడులకి అట్ట కార్డులతో చదువు తయారుచేశారు. పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో నిచ్చెన పటంలో చూసుకుని, తన కార్డు తీసుకుని, తన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపు టీచర్ దగ్గర, ఒకటి తోటి పిల్లల సాయంతో, ఒకటి సొంతంగా. కర్ణాటకలో ‘నలి కలి’ దాన్ని చూసే మొదలైంది. నాణేలు రాలే ఆట కన్నా పక్కనున్న పిల్ల ఎంత మేలు! తప్పు చదివితే వెంటనే “అది కాదే” అంటుంది.

అలాగని ట్యాబులు అటకెక్కించమనను. ఆ రాత్రి నా ఫోన్లోనే రికార్డు పెట్టి అదే పేరా చదివించాను. తిరిగి వినిపిస్తే, తన ‘పెలి’ విని తనే పకపకా నవ్వింది. “ఆగమ్మా, మళ్ళీ చదువుతా” అని నాలుగు సార్లు చదివింది, నేను చెప్పకుండానే. తన గొంతు తను వినడం పుస్తకంతో అయ్యే పని కాదు, నాతోనూ కాదు. తడిగుడ్డలో పెసలు మూటగట్టి రోజూ ఒక ఫోటో తీయిస్తే, ముందు వచ్చేది వేరా, ఆకా అన్న తగువు ఫోటోలు వరసగా చూస్తే తీరిపోతుంది. అక్కడ ట్యాబ్ ఉండాలి. పదులు, ఒకట్లు నేర్పడానికి మాత్రం పది చీపురుపుల్లలు, ఒక రబ్బరు బ్యాండు చాలు. తెర మీద పుల్ల బొమ్మని వేలితో జరిపితే కట్ట బరువు తెలియదు కదా.

ఇంతకీ అందరూ నిమిషాలే లెక్కపెడుతున్నారు. 2020లో కేంద్రం ఆన్‌లైన్ చదువులకి ఇచ్చిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాల్లో కూడా ఎనిమిదో తరగతి వరకూ రోజుకి 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండు మించొద్దన్నారు. హద్దు మంచిదే. కానీ మా పిల్ల ఇరవై నిమిషాలూ హద్దులోనే ఉంది, వట్టినే పోయాయి.

శనివారం పేరెంట్స్ మీటింగ్. నాణేల పట్టిక చూపిస్తారు, తెలుసు. అది వద్దు, ఈ నెల్లో ఆ ట్యాబులో మా అమ్మాయి చదివినదో, చెప్పినదో, తీసినదో ఒక్కటి చూపించండి అని అడగబోతున్నాను. ఒక్కదాన్నే అడిగితే ‘ఆ అమ్మ ఎప్పుడూ ఇంతే’ అంటారని, పక్క ఫ్లాటు సుజాతని కూడా తీసుకెళ్తున్నాను. మీ పిల్లల బళ్ళలోనూ ఇలాంటి మూల ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు కాసేపు వెనక నిలబడి ఆ వేలు ఎలా కదులుతోందో చూడండి.